రెండు నెలలు టీబీ మందులు వాడినా నాన్నగారి దగ్గు తగ్గలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను అనుమానించాలా?

అడిగినవారు: వంశధార గట్టు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర ఒక పల్లె. మా నాన్నగారికి 62 ఏళ్లు. పద్దెనిమిదో ఏట బీడీతో మొదలుపెట్టి, పాతికేళ్లు దాటాక చుట్టకు మారి, ఇప్పటికీ రోజుకు నాలుగైదు చుట్టలు కాలుస్తారు. పొలం గట్టు మీద కూర్చున్నా, సంతకు వెళ్లినా, రాత్రి నిద్రపట్టక లేచి అరుగు మీదకు వచ్చినా చేతిలో చుట్ట ఉండవలసిందే. తెల్లవారి లేవగానే దగ్గడం ఆయనకు ఎన్నో ఏళ్లుగా ఉన్నదే కనుక ఇంట్లో మేమెవ్వరమూ దానిని జబ్బుగా లెక్కపెట్టలేదు.

సంక్రాంతి దాటిన దగ్గర నుంచి ఆ దగ్గు తీరు మారింది. ఇదివరకు కాస్త కళ్లె పడగానే ఆగిపోయేది. ఇప్పుడు రాత్రంతా పొడి దగ్గుగా వస్తూనే ఉంది, గొంతు బొంగురుపోయింది, బావి దగ్గర నుంచి రెండు బిందెలు తెచ్చేసరికి ఆయాసపడుతున్నారు. మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరు జ్వరం మాత్రలు, యాంటీబయాటిక్ ఇచ్చారు. వారంలో తగ్గి, ఇరవై రోజులకు మళ్లీ జ్వరం వచ్చింది. అప్పుడు పట్టణంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకువెళ్లాము. ఎక్స్‌రే తీసి, కుడివైపు పైభాగంలో మచ్చ ఉందని, టీబీయే అయి ఉంటుందని చెప్పి మందులు మొదలుపెట్టారు. కళ్లె పరీక్ష చేయించమని ఎవరూ చెప్పలేదు, అడగాలని మాకూ తెలియలేదు. ఒక్కరోజు కూడా తప్పకుండా రెండు నెలలు మందులు వేశాను. 58 కిలోల మనిషి 51కి వచ్చారు. ఈ పదిహేను రోజుల్లో రెండుసార్లు కళ్లెలో ఎర్రని దారంలా రక్తం కనిపించింది.

క్యాన్సర్ ఏమోనని నేను అన్నందుకు మా పెదనాన్న నా మీద కోప్పడ్డారు. అటువంటి పేరు ఇంట్లో పలకకూడదని, పరీక్షకని కండ ముక్క తీయించితే లేని జబ్బు కూడా ఒళ్లంతా పాకుతుందని అంటున్నారు. నాన్నగారేమో తన తాత తొంభై ఏళ్లు చుట్ట కాల్చి హాయిగా పోయారని, సిగరెట్టు కాల్చే పట్నం వాళ్లకే ఈ రోగాలని అంటారు. మా అమ్మ కూడా అడ్డచుట్ట, అంటే మంట కొసను నోట్లో పెట్టుకునే చుట్ట, కాలుస్తుంది. తమ్ముడు టెక్కలి దగ్గర గ్రానైట్ రాయి కోసే చోట పని చేస్తున్నాడు, వాడికీ సిగరెట్ల అలవాటు ఉంది. ఒక్క నాన్నగారి గురించే కాదు, ముగ్గురి గురించీ నాకు భయం పట్టుకుంది.

ఈ లక్షణాలు టీబీవేనా, వేరే జబ్బువా అన్నది ఏ పరీక్షతో తేలుతుంది? మందులు ఆపివేయాలా? మా స్థోమతకు తగినట్టు ఎక్కడికి వెళ్లాలి? తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం: ఛాతీ వైద్యుడు, విజయనగరం

అమ్మా, మీరు రాసినది రెండుసార్లు చదివాను. మీ నాన్నగారిని చూడకుండా జబ్బు పేరు చెప్పడం నాకు తగదు. కానీ నలభై ఏళ్లకు పైగా పొగ తాగిన మనిషికి పాత దగ్గు తీరు మారడం, గొంతు బొంగురుపోవడం, ఏడు కిలోల బరువు తగ్గడం, కళ్లెలో రక్తం కనిపించడం, ఇవన్నీ ఒకేచోట చేరినప్పుడు ఊపిరితిత్తుల క్యాన్సర్ కాదని రుజువయ్యే వరకు దానిని అనుమానించి తీరాలి. ఈ మాటను మీ పెదనాన్నగారికి నా మాటగా చెప్పండి. పేరు పలికినందువల్ల జబ్బు రాదు. పలకకపోవడం వల్ల మాత్రం నెలలు గడిచిపోతాయి.

టీబీ అని మొదట అనుకోవడంలో తప్పులేదు. మన ప్రాంతంలో టీబీ ఎక్కువ. అదీ ఎక్కువగా ఊపిరితిత్తి పైభాగంలోనే వస్తుంది. దగ్గు, సాయంత్రపు జ్వరం, నీరసం, రక్తం, బరువు తగ్గడం, అన్నీ రెండింటికీ ఉమ్మడి లక్షణాలు. ఎక్స్‌రే ఒక నీడను చూపగలదు కానీ ఆ నీడ దేనిదో చెప్పలేదు. అందుకే రెండు వారాలు దాటిన ఏ దగ్గుకైనా కళ్లె పరీక్ష చేయాలని జాతీయ టీబీ కార్యక్రమం చెబుతుంది. సీబీనాట్, ట్రూనాట్ అనే యంత్రాలు కళ్లెలో టీబీ క్రిమి ఉన్నదీ లేనిదీ, ఉంటే అది రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన మందుకు లొంగుతుందా లేదా అన్నదీ కొన్ని గంటల్లోనే తేల్చివేస్తాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ పరీక్ష ఉచితం. టీబీ మందులు సరిగా పడితే సాధారణంగా రెండు నెలలు తిరిగేసరికి జ్వరం పోయి, ఆకలి పుట్టి, బరువు పెరగడం మొదలవుతుంది. మీ నాన్నగారి విషయంలో అందుకు పూర్తిగా విరుద్ధంగా జరిగింది. మందు సరిపడని టీబీ కావచ్చు, అసలు టీబీయే కాకపోవచ్చు, అరుదుగా రెండూ కలిసి ఉండవచ్చు. మందులను మీ అంతట మీరు ఆపకండి, ఆ నిర్ణయం చూసే డాక్టరుది. కానీ ఈ వారమే మళ్లీ చూపించండి, వచ్చే నెల వరకు ఆగవద్దు.

మీరు రాసిన మరో విషయాన్ని ఎవరూ పట్టించుకోలేదని నాకు అనిపించింది. యాంటీబయాటిక్‌తో జ్వరం తగ్గి, మూడు వారాలకు మళ్లీ వచ్చిందన్నారు. గాలిగొట్టం లోపల కణితి పెరిగి దారిని సగం మూసివేసినప్పుడు దాని వెనుక భాగంలో కళ్లె నిలిచి చీము పడుతుంది, మందుకు ఆ చీము తగ్గుతుంది, కణితి అక్కడే ఉంటుంది కనుక మళ్లీ అదే చోట నిమ్ము చేరుతుంది. నడివయసు దాటిన పొగరాయుడికి ఒకే చోట రెండోసారి నిమ్ము వచ్చిందంటే సీటీ స్కాన్ లేకుండా మూడో యాంటీబయాటిక్ రాయకూడదని నేను నా దగ్గర పనిచేసే పిల్ల డాక్టర్లకు చెబుతుంటాను. గొంతు బొంగురుపోవడం కూడా స్వరపేటికకు వెళ్లే నరం ఛాతీ లోపల ఒత్తిడికి గురైనందువల్ల కావచ్చు. చుట్టవల్ల గొంతులోనే పుండు పుట్టి ఉండవచ్చు కూడా, కనుక చెవి ముక్కు గొంతు డాక్టరు చేత గొంతును ఒకసారి చూపించండి.

ఇక చేయవలసిన పని. ముందు శ్రీకాకుళంలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఛాతీ విభాగానికి వెళ్లి కళ్లె పరీక్ష, ఆ తర్వాత ఛాతీ సీటీ స్కాన్ చేయించండి. రంగుమందు ఎక్కించి తీసే స్కాన్ అయితే అంతకుముందు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్‌ను రక్తంలో చూడమని మీరే గుర్తుచేయండి. ఉద్దానం చుట్టుపక్కల మూత్రపిండాల జబ్బు ఎంత ఉందో మనందరికీ తెలుసు, పైకి ఏమీ కనిపించని వారిలో కూడా అది దాగి ఉంటుంది. స్కాన్‌లో గడ్డ కనబడితే గాలిగొట్టంలోకి సన్నని గొట్టం పంపి గాని, బయట నుంచి సూదితో గాని చిన్న ముక్క తీస్తారు. క్యాన్సర్ వైద్యానికి విశాఖపట్నం అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి దువ్వాడలో దిగితే అక్కడి నుంచి దగ్గరే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో ఉన్న ఆ పథకం కింద క్యాన్సర్ చికిత్సలు జరుగుతాయి, కనుక రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట ఉంచుకుని ముందుగా ఆసుపత్రిలో ఆ పథకం సహాయకులను కలవండి. రక్తం చారలుగా కాకుండా టీ గ్లాసు నిండేంతగా పడితే మాత్రం క్షణం ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి.

తాత తొంభై ఏళ్లు బతికారన్న మాటకు కూడా సమాధానం రాయాలి, ఎందుకంటే నా గదిలోకి వచ్చే ప్రతి ఇద్దరిలో ఒకరు ఈ మాటే అంటారు. చుట్ట కాల్చి తొంభై ఏళ్లు బతికిన వారిని ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. యాభై అయిదుకే దగ్గి దగ్గి పోయిన వారిని క్షయ అనో, ఆయాసం అనో చెప్పుకుని మరిచిపోయారు. వారిలో ఎందరికి క్యాన్సరో ఆ రోజుల్లో తేల్చగలిగిన వారు లేరు. సిగరెట్టు వేరు, చుట్ట వేరు అనడమూ నిజం కాదు. చుట్టలో పొగాకు ఎక్కువ, దాని పొగ క్షారగుణం కలది కనుక లోపలికి పీల్చకపోయినా నోటి పొరల నుంచే నికోటిన్ రక్తంలోకి చేరుతుంది. అదీగాక మీ నాన్నగారిలా బీడీ నుంచి చుట్టకు మారినవారు పీల్చే అలవాటును వెంట తెచ్చుకుంటారు. బీడీలో పొగాకు తక్కువని కొందరు నమ్ముతారు కానీ అది ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చవలసి రావడం వల్ల తారు, కార్బన్ మోనాక్సైడు సిగరెట్టుకు ఏమాత్రం తీసిపోకుండా లోపలికి వెళతాయి. పొగాకు పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలు ఉంటే వాటిలో డెబ్భై దాకా క్యాన్సర్ కారకాలే. సిగరెట్టు పెట్టె మీద, బీడీ కట్ట మీద భయపెట్టే బొమ్మ ఉంటుంది. సంతలో ఆకు కొని ఇంట్లో చుట్టుకునే చుట్ట మీద ఏ బొమ్మా ఉండదు. ఆ హెచ్చరిక తమకు కాదని మన పల్లెల్లో అనుకోవడానికి ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం.

సమాధానం: నెల్లిమర్ల

అక్కా, మా నాన్న నెల్లిమర్లలో జనపనార మిల్లు కార్మికుడు. మూడేళ్ల కిందట ఆయనకు కుడి భుజం నొప్పితో మొదలైంది. సంచులు మోసిన భుజం కనుక నొప్పి పుట్టిందని మేమంతా అనుకున్నాము. పట్టీలు వేశాము, నూనె మర్దనా చేయించాము, ఎవరో చెబితే మెడకు ఫిజియోథెరపీ కూడా నెల రోజులు చేయించాము. ఆ నొప్పి చేతి వేళ్ల దాకా పాకి, కుడి కన్ను రెప్ప వాలిపోయిన తర్వాత గాని ఛాతీ ఎక్స్‌రే తీయించాలని ఎవరికీ తోచలేదు. ఊపిరితిత్తి కొన మీద పుట్టిన కణితి చేతికి వెళ్లే నరాలను నొక్కుతుందని డాక్టరు బొమ్మ గీసి చూపినప్పుడు నాకు కాళ్ల కింద నేల కదిలిపోయింది. దగ్గు లేకుండా కూడా ఈ జబ్బు వస్తుందని అప్పటివరకు నాకు తెలియదు.

ముక్క తీస్తే పాకుతుందన్న మాట మా ఇంట్లో కూడా వచ్చింది. ఆ మాట విని రెండు నెలలు నాటువైద్యం చేయించాము. తర్వాత డాక్టరుగారిని నేను సూటిగా అడిగాను. ఆయన చెప్పింది ఇది: పరీక్ష చేయించుకునే సమయానికే చాలామందిలో జబ్బు ముదిరి ఉంటుంది, తర్వాత కొద్ది నెలల్లో మనిషి పోతే చూసినవారికి ముక్క తీయడం వల్లనే పోయినట్టు కనిపిస్తుంది, ఊపిరితిత్తి ముక్క పరీక్ష వల్ల జబ్బు పాకే ప్రమాదం అత్యంత స్వల్పం, ముక్క లేకుండా ఏ మందు ఇవ్వాలో తెలియదు కనుక వైద్యం లేకుండా పోయే ప్రమాదమే పెద్దది. అప్పటికే మేము పోగొట్టుకున్న ఆ రెండు నెలలు నాకు ఈనాటికీ రాత్రిళ్లు గుర్తుకు వస్తాయి. మీరు ఆ తప్పు చేయకండి.

ఇంకొక్క మాట. మేము నాన్నకు జబ్బు పేరు చెప్పకుండా దాచాము. ఆయనకు తెలిసిపోయింది, కానీ మేము బాధపడతామని తెలియనట్టు ఉండిపోయారు. ఆయనకు చెప్పుకోవలసిన మాటలు ఎన్నో ఉండి ఉంటాయి. మీ నాన్నగారు అడిగితే అబద్ధం చెప్పకండి.

వంశధార గట్టు

మీ ఇద్దరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. డాక్టరుగారి సమాధానాన్ని మా పెదనాన్నకు బిగ్గరగా చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ మరునాడు ఆటో పిలుచుకుని వచ్చినది ఆయనే.

కళ్లె పరీక్షలో టీబీ క్రిమి లేదని వచ్చింది. క్రియాటినిన్ బాగానే ఉంది. సీటీ స్కాన్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగంలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉందని, ఛాతీ మధ్యలో ఒక గ్రంథి కూడా పెద్దదైందని రాశారు. ముక్క పరీక్షకు వచ్చే సోమవారం తేదీ ఇచ్చారు. నాన్నగారు ఆసుపత్రి మెట్ల దగ్గర కూర్చుని చుట్ట తీయబోయి, నన్ను చూసి మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు అమ్మ గురించి, తమ్ముడి గురించి అడుగుతున్నాను. వారిద్దరికీ కూడా సీటీ స్కాన్ తీయించాలా? ఇక ఈ వయసులో చుట్ట మానినా లాభమేమిటని అమ్మ అంటోంది.

సమాధానం: దంత వైద్యురాలు, శ్రీకాకుళం

మీ అమ్మగారి విషయంలో ముందు చూడవలసినది ఊపిరితిత్తి కాదు, అంగిలి. మంట ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డచుట్ట ఉత్తరాంధ్ర తీరంలోని ఆడవారిలో ఎక్కువ. గాలికి ఆరదని, బట్టలు ఉతుకుతున్నా నాట్లు వేస్తున్నా రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని, పెద్దల ముందు కనబడదని నా దగ్గరకు వచ్చే తల్లులు చెబుతారు. టాటా ఫండమెంటల్ రీసెర్చ్ సంస్థ పరిశోధకులు దేశంలోని ఐదు జిల్లాల్లో 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి 1969లో ఫలితాలు ప్రచురించారు; ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. ఇతర చోట్ల పొగాకు వల్ల వచ్చే నోటి క్యాన్సర్ బుగ్గలోనో నాలుక పక్కనో కనిపిస్తే, అడ్డచుట్ట కాల్చేవారికి గట్టి అంగిలి మీద పుడుతుంది, ఎందుకంటే వేడీ పొగా రెండూ నేరుగా తగిలేది అక్కడే.

ఈ జబ్బుకు ఒక మంచి గుణం ఉందని చెప్పుకోవచ్చు. ఊపిరితిత్తి లోపలిది కంటికి కనబడదు, అంగిలి మాత్రం నోరు తెరిస్తే కనబడుతుంది. మీ అమ్మగారిని ఎండలో కూర్చోబెట్టి తల వెనక్కి వాల్చమని, ఫోన్ లైటు వేసి చూడండి. అంగిలి తెల్లబారి, మధ్య మధ్య ఎర్రని చుక్కలు ఉంటే పొగ చేసిన మార్పు అది. అక్కడ ఎర్రని మచ్చ గాని, గరుకుగా పైకి లేచిన భాగం గాని, రెండు వారాలైనా మానని పుండు గాని ఉంటే ఆలస్యం చేయకుండా మా వంటి వారికి చూపించండి. నొప్పి లేదు కదా అని వదిలివేయవద్దు, మొదటి దశలో నొప్పి ఉండదు. ముప్పై ఏళ్లు దాటిన వారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేస్తున్నారు, మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే చెబుతారు. అలవాటు మానిన తర్వాత ఆ తెల్లని మార్పులు చాలామందిలో తగ్గిపోవడం నేను కళ్లారా చూశాను. ఆ సంగతి మీ అమ్మగారికి చెప్పండి.

వంట కట్టెలపొయ్యి మీద అయితే దాని పొగ సంగతీ ఆలోచించండి. జీవితంలో ఒక్కసారి కూడా పొగ తాగని ఆడవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడం మన దేశంలో అరుదు కాదు, ఇంట్లో మగవారి పొగ, పొయ్యి పొగ అందులో కొంత కారణం. 2024 నవంబరులో ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే ప్రారంభమైన దీపం పథకం కింద అర్హత గల ఇంటికి ఏడాదికి 3 గ్యాస్ సిలిండర్లు ఉచితంగా వస్తున్నాయి. అయినా నీళ్లు కాచడానికి, ధాన్యం ఉడకబెట్టడానికి మనవాళ్లు కట్టెలే వాడతారు. కనీసం ఆ పొయ్యినైనా ఇంటి లోపలి నుంచి పెరట్లోకి మార్చండి.

సమాధానం: ఛాతీ వైద్యుడు, విజయనగరం

గ్రంథి పెద్దదైనంత మాత్రాన ఆశ వదులుకోవలసిన పనిలేదు. ఆ గ్రంథిలో జబ్బు ఉందా, లేక నిమ్ము వల్ల ఉబ్బిందా అన్నది కూడా ముక్కతోనే తేలుతుంది. క్యాన్సర్ అని వస్తే అది ఏ రకానిదో రాయించుకోండి. అడినోకార్సినోమా రకమైతే ఈజీఎఫ్‌ఆర్, ఏఎల్‌కే అనే జన్యు మార్పుల కోసం అదే ముక్క మీద పరీక్ష చేయవలసి ఉంటుంది, అవి ఉన్నవారికి మాత్రలతోనే వైద్యం సాధ్యమవుతుంది. ముక్క సరిపోక మళ్లీ తీయవలసి వస్తే విసుగు చెందవద్దు.

మీ తమ్ముడికి స్కాన్ కాదు, వేరే జాగ్రత్త కావాలి. గ్రానైటులో ఉండే స్ఫటిక సిలికా ధూళిని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ప్రకటించింది. అంతకంటే ముందుగా అది సిలికోసిస్ తెస్తుంది, సిలికోసిస్ ఉన్నవారికి టీబీ తేలికగా సోకుతుంది, దానికి సిగరెట్టు తోడైతే క్యాన్సర్ ప్రమాదం మరింత పెరుగుతుంది. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలునని అక్కడి కుర్రవాళ్లు అనుకుంటారు. కంటికి కనిపించే దుమ్మును తువ్వాలు ఆపుతుంది గాని ఊపిరితిత్తి చివరి గదుల దాకా వెళ్లే సన్నని ధూళిని ఆపలేదు. రాయిని నీళ్లు పోస్తూ కోయడం, ముక్కుకు బిగుతుగా కూర్చునే ఎన్95 మాస్కు, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి ఊది చూసే స్పైరోమెట్రీ, ఇవి యజమాని ఏర్పాటు చేయవలసినవి. సిలికోసిస్ చట్టం ప్రకారం ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన జబ్బుల జాబితాలో ఉంది, కనుక అడగడానికి మీ తమ్ముడు మొహమాటపడనక్కర లేదు.

స్కాన్ ఎవరికి అన్నది కూడా చెప్పాలి. ఏ లక్షణమూ లేనివారిలో ముందే పట్టుకోవడానికి తక్కువ రేడియేషన్‌తో తీసే సీటీ స్కాన్ ఉపయోగపడుతుందని, 53 వేల మందికి పైగా పాల్గొన్న అమెరికా అధ్యయనం 2011లో తేల్చింది. మామూలు ఎక్స్‌రేతో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. అక్కడ 2021 నుంచి 50 నుంచి 80 ఏళ్ల మధ్య ఉండి, రోజుకు ఒక పెట్టె లెక్కన 20 ఏళ్లకు సరిపడా పొగ తాగి, ఇంకా తాగుతున్నవారికి లేదా మాని 15 ఏళ్లు దాటనివారికి ఏటా ఈ స్కాన్ సిఫారసు చేస్తున్నారు. మన దేశంలో ఇటువంటి జాతీయ కార్యక్రమం లేదు, పైగా పాత టీబీ మచ్చలు చాలామందిలో ఉండటం వల్ల ప్రతి మచ్చా అనుమానంగా కనిపించి అనవసరంగా ముక్కలు తీయవలసి వస్తుంది. అందుకని ఊరందరికీ స్కాన్ అని నేను చెప్పను. మీ అమ్మగారు ఎంతకాలంగా, ఎంత కాలుస్తున్నారో చూసి, ఛాతీ వైద్యుడితో మాట్లాడి నిర్ణయించుకోండి. స్కాన్‌లో ఏమీ లేదని రావడం చుట్ట కొనసాగించడానికి అనుమతి కాదు.

ఈ వయసులో మానితే లాభమేమిటన్న ప్రశ్నకు బ్రిటన్ డాక్టర్ల మీద యాభై ఏళ్లపాటు సాగి 2004లో వెలువడిన రిచర్డ్ డాల్ బృందం అధ్యయనంలో జవాబు ఉంది. సిగరెట్టును ముప్పైలో మానినవారికి సుమారు 10 ఏళ్ల ఆయుష్షు దక్కింది, యాభైలో మానితే 6 ఏళ్లు, అరవైలో మానినా 3 ఏళ్లు. మీ నాన్నగారికి జబ్బు తేలినా మానడం వృథా కాదు, ఆపరేషన్ తర్వాత కోలుకోవడం, కిరణచికిత్స పనిచేయడం మానినవారిలో మెరుగ్గా ఉంటాయి.

సమాధానం: బొబ్బిలి బస్సు

నేను ఆర్టీసీలో కండక్టరుగా చేసి విరమించాను. ముప్పై ఏళ్లు రోజుకు కట్ట బీడీలు కాల్చి, 58వ ఏట మానాను. ఎనిమిదేళ్లయింది. డాక్టర్లు చెప్పవలసినది చెప్పారు, ఎలా మానాలో నా అనుభవం రాస్తాను.

తగ్గించి తగ్గించి మానుదామని నాలుగుసార్లు ప్రయత్నించి ఓడిపోయాను. అయిదోసారి ఒక తేదీ పెట్టుకుని, ముందురోజు రాత్రి అగ్గిపెట్టెతో సహా ఇంట్లో లేకుండా చేశాను. మొదటి నాలుగు రోజులు తల పగిలిపోతున్నట్టు, ఎవరిని చూసినా కోపం వచ్చేటట్టు ఉంటుంది. నా భార్యకు ముందే చెప్పి ఉంచాను కనుక ఆమె ఓర్చుకుంది. కోరిక పుట్టినప్పుడు అయిదు నిమిషాలు దాటవేస్తే అది తనంతట తానే సన్నగిల్లుతుందని బీడీ కట్ట మీద అచ్చువేసిన 1800-11-2356 నంబరుకు ఫోన్ చేసినప్పుడు అవతలి అమ్మాయి చెప్పింది. ఆ అయిదు నిమిషాలు వాము, లవంగం నమిలేవాడిని, లేకుంటే డిపో ఆవరణలో నడిచేవాడిని. రెండో వారంలో దగ్గు తగ్గడానికి బదులు ఎక్కువైంది. భయపడి డాక్టరు దగ్గరకు వెళితే, గాలిగొట్టాల్లోని సన్నని నూగు మళ్లీ పనిచేయడం మొదలుపెట్టి పాత కళ్లెను బయటికి తోస్తోందని చెప్పారు. నెల దాటేసరికి అదీ పోయింది. కొందరికి నికోటిన్ గమ్, డాక్టరు రాసే మాత్రలు కూడా అవసరమవుతాయి, అందులో సిగ్గుపడవలసినది లేదు. బీడీ మాని ఖైనీ పట్టినవారిని మాత్రం మా డిపోలో ఇద్దరిని చూశాను, ఒకరికి నోట్లో పుండు పడింది.

మీ నాన్నగారిని ఒంటరిగా మానమనకండి. తల్లీ తండ్రీ ఒకే రోజున మానితే ఇంట్లో ఆకు ఉండదు, వాసన ఉండదు. చుట్ట కాల్చే పాత స్నేహితులతో కూడా మీరే ముందుగా మాట్లాడండి, చేతికి అందించేది వారే.

వంశధార గట్టు

ముక్క పరీక్ష అయిపోయింది. పది రోజులకు రిపోర్టు వచ్చింది, అడినోకార్సినోమా అని రాశారు. జన్యు పరీక్షకు అదే ముక్కను పంపారు, జబ్బు ఇంకెక్కడికైనా వెళ్లిందేమో చూడటానికి పెట్ స్కాన్ రాశారు. నాన్నగారు డాక్టరును తానే అడిగారు. నెల్లిమర్ల తమ్ముడి మాట గుర్తుంచుకుని నేను అడ్డుపడలేదు. డాక్టరు కుర్చీ దగ్గరకు జరుపుకుని, జబ్బు పేరు చెప్పి, ఏమేమి చేయగలరో నెమ్మదిగా వివరించారు. దారిలో నాన్నగారు మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక పెదనాన్నను పిలిచి, పొగాకు కట్ట ఆయన చేతిలో పెట్టి, ఇంటికి తీసుకుపోవద్దని, ఏట్లో పారవేయమని చెప్పారు. పెదనాన్న కూడా చుట్ట కాలుస్తారు. ఇద్దరూ కలిసే ఏటి గట్టుకు వెళ్లారు.

అమ్మ అంగిలిని ఫోన్ లైటుతో చూశాను. తెల్లగా ఉంది, ఎడమవైపు గోరంత ఎర్రని మచ్చ ఉంది. శుక్రవారం శ్రీకాకుళంలో దంత విభాగానికి తీసుకువెళుతున్నాను. తమ్ముడు ఎక్స్‌రే తీయించుకోవడానికి ఒప్పుకున్నాడు, పనిలో మాస్కులు అడగడానికి మరో నలుగురిని కూడగట్టుకున్నాడు. అగనంపూడిలో మాకు బుధవారం సమయం ఇచ్చారు. దువ్వాడకు మూడు టిక్కెట్లు తీసుకున్నాము, పెదనాన్న కూడా వస్తున్నారు. దగ్గు తనకూ రెండు నెలలుగా ఉందని ఆయన నిన్న రాత్రి చెప్పారు.